నా ఎడమచేతి చూపుడువేలి విడుదల గురించి

జిల్లా ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎన్నికల రికార్డుగా భద్రపరచబడిన నా ఎడమచేతి చూపుడువేలిని నాకు తిరిగి ఇప్పించుట, లేదా సదరు వేలి గోరు పెరగకుండా తగు ఉత్తర్వులు జారీచేయుట గురించి.

నేను బాలికల పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిని. గడిచిన ఎన్నికల్లో మా బడిలోని పోలింగు కేంద్రంలోనే ఓటర్ల వేలికి సిరా పూసే రెండవ అధికారి విధి నాకు అప్పగించారు. విధిని సక్రమంగా నిర్వర్తించాను. సక్రమంగా నిర్వర్తించడమే నా కొంప ముంచిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

1. పోలింగు మొదలుకాకముందు సిరా మంచిదో కాదో ఏజెంట్ల ఎదుట ఎవరో ఒకరి వేలికి పూసి చూపడం మా కేంద్రంలో ఆనవాయితీ. పూసేవాడిని నేనే కనుక నా వేలికే పూసుకున్నాను. సాయంత్రం పెట్టెలకు సీళ్లు వేసేటప్పుడు సామగ్రి పట్టికలో “సిరా నమూనా” అనే గడి ఖాళీగా మిగిలింది. గడి ఖాళీగా ఉంటే పెట్టెలు అప్పగించే చోట మళ్లీ మొదటినుంచీ రాయిస్తారని మా ప్రిసైడింగు అధికారికి భయం. “మాస్టారూ, ఖాళీ వదలకండి, ఏదో ఒకటి రాసి పారేయండి” అన్నారు. “సంఖ్య: ఒకటి. రెండవ అధికారి ఎడమచేతి చూపుడువేలిపై ఉన్నది. స్థితి: బాగున్నది” అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

2. సిరా కడిగితే పోతోందనీ, ఒక్కొక్కరు రెండేసి ఓట్లు గుద్దారనీ ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కారు. కేసు తేలేదాకా పట్టికలోని రికార్డులన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా కాపాడాలని కోర్టువారు ఆదేశించారు. తమ సిబ్బంది పట్టిక పట్టుకుని ఒక్కో వస్తువునూ సరిచూసుకుంటూ చివరికి మా ఇంటికి వచ్చారు. రికార్డును తాళంవేసిన గదిలో ఉంచాలని రికార్డుల రక్షణ నిబంధన. ఎన్నికల సిబ్బందిని ఎవరూ నిర్బంధించరాదని సిబ్బంది రక్షణ నిబంధన. వేలు రికార్డు, నేను సిబ్బంది. మా గడపలో నిలబడి చాలాసేపు వాదించుకుని, వేలిని గుడ్డసంచిలో పెట్టి, లక్కతో సీలు వేసి, కానిస్టేబులు కాపలాతో మా ఇంట్లోనే ఉంచాలని రాజీకొచ్చారు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

3. స్నానం గురించి. సంచి తడవకూడదు కనుక సీలు విప్పాలి. సీలు విప్పాలంటే ఉభయపక్షాల ఏజెంట్లూ హాజరు కావాలి. వాళ్లకు ముందుగా నోటీసు ఇచ్చి, ఇద్దరికీ తీరిక కుదిరిన రోజునే నేను స్నానం చేస్తున్నాను. ఓడినవారి ఏజెంటు గట్టిగా రుద్దమంటాడు. గెలిచినవారి ఏజెంటు సబ్బు కనబడితే చాలు లేచి నిలబడతాడు. బయట ఉప్పూనిప్పుగా ఉండే ఈ ఇద్దరూ మా స్నానాలగది గుమ్మంలో ఒకే బల్లమీద కూర్చుని, మా అత్తగారు ఇచ్చిన టీ తాగుతూ నన్ను చూస్తారు. లెక్కల మాస్టారుగా నాకు వీధిలో కాస్త పరువుండేది.

4. నా భార్య గురించి. ఒకరోజు విసిగిపోయి ఆమె, “ఏవండీ, ఆ వేలేదో కోసి వాళ్ల ఆఫీసులో పారేసి రండి. నాకు ఇంట్లో మనిషి కావాలి, సాక్ష్యం కాదు” అన్నది. కానిస్టేబులు వెంటనే పుస్తకం తీశాడు.

“అక్కా, మీరు రికార్డునీ బెదిరించారు, సిబ్బందినీ బెదిరించారు. నేను రాసుకోకపోతే నా ఉద్యోగం పోతుంది” అన్నాడు.

“రాసుకో తమ్ముడూ. అక్షరాలు తప్పుల్లేకుండా రాసుకో” అన్నది ఆమె.

తమ కార్యాలయం నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. దాని వెనకవైపే ఆమె “వేలిని బెదిరించిన మాట నిజం. మనిషిని బెదిరించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు, చూస్తే చాలు” అని రాసి పంపింది. సదరు జవాబు తమకు చేరే ఉంటుంది. అందులోని రెండో వాక్యం కూడా నిజమేనని ధ్రువీకరిస్తున్నాను.

5. చర్మం మీది సిరా ఎప్పుడో పోయింది. గోటి మొదట్లో పడిన మచ్చ మాత్రం మిగిలింది. అయితే గోరు పెరుగుతోంది, మచ్చ ముందుకు జరుగుతోంది. తనిఖీకి వచ్చిన గుమాస్తాగారు స్కేలు పెట్టి కొలిచి, “రికార్డు ఉన్నచోటునుంచి కదిలింది. ఎవరు కదిలించారు?” అన్నారు.

“ఎవరూ కదిలించలేదండీ. గోరు కదా, పెరుగుతోంది.”

“ఎవరి అనుమతితో?”

తిండి తగ్గిస్తే పెరుగుదల నెమ్మదిస్తుందేమో చూడమని ఆయన సలహా ఇచ్చి, మా ఇంట్లోనే భోంచేసి వెళ్లారు. ఇప్పుడు గోరు కత్తిరిస్తే రికార్డును ధ్వంసం చేసినట్టు. కత్తిరించక అదే విరిగితే నిర్లక్ష్యం చేసినట్టు. రెండింటికీ జైలేనట. ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, ఇంత చిక్కులెక్క ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు.

6. ఇది రాయకూడదనుకున్నాను. పోలింగు నాటికి నా కూతురు అప్పుడప్పుడే బోర్లాపడుతోంది. ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది. వేలికి సీలు పడినప్పటినుంచీ నేను దాన్ని ఒక్కసారైనా ఎత్తుకోలేదు. రికార్డును తాకేవారెవరైనా ముందు సంతకం పెట్టాలి. పిల్లకు సంతకం రాదు. వేలిముద్ర వేయిస్తానన్నాను. మైనరు వేలిముద్రను తండ్రి ధ్రువీకరించాలట. తండ్రి రికార్డుకు సంబంధించినవాడు కనుక ధ్రువీకరించడానికి అనర్హుడట. పిల్ల పాక్కుంటూ వచ్చి నా మోకాళ్లు పట్టుకుని లేచి చేతులు చాపుతుంది. కానిస్టేబులు మొహం అటు తిప్పుకుంటాడు, అతనికీ పిల్లలున్నారు. నేను ఎడమచెయ్యి పైకెత్తి దొంగలా నిలబడతాను. దానికి ఏడుపొస్తుంది. నాకూ వస్తుంది, నాది ఎవరూ నమోదు చేయడంలేదు.

ఎన్నికల రికార్డులను చట్టం కాపాడాలి. మమ్మల్నీ కాపాడాలి. కాదనను. మా పక్క కేంద్రంలో ఒక టీచరమ్మను జుట్టుపట్టి ఈడ్చినప్పుడు అడ్డంరాని రక్షణ అంతా ఇప్పుడు నా ఒక్క గోటికి వచ్చిపడిందే అన్నదే నా బాధ. కావున తమరు దయతలచి, సదరు వేలికి ఫొటోలు తీయించి, అసలును నాకు ఇప్పించవలసిందని వేడుకుంటున్నాను. పూర్తిగా వీలుపడకపోతే రోజుకు ఒక గంటసేపు, పిల్ల మెలకువగా ఉన్న వేళకు, ఇప్పించినా చాలు.

నా గోడు కాస్త నిదానంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు
(చూపుడువేలు మినహా, అది ఎటూ తమ అధీనంలోనే ఉన్నది)
సిరా పూసిన రెండవ అధికారి

తా.క.: పై అర్జీ కవరులో పెట్టేలోగా జరిగినది. ఇవాళ స్నానం రోజు. సీలు విప్పారు. ఏజెంట్లు సబ్బు దగ్గర తగువుపడుతున్నారు. వాళ్ల తగువు తెమిలేదాకా నేను గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాను. పిల్ల పాక్కుంటూ వచ్చి, నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. దానికి కింద రెండు పళ్లొచ్చాయి సార్. కొసన మిగిలిన ఆ మచ్చ గోటితో సహా పుటుక్కున తెగి, దాని గొంతులోకి దిగిపోయింది. ఏజెంట్లిద్దరూ ఒకేసారి “అయ్యయ్యో” అన్నారు. ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం ఇదే మొదలు. కానిస్టేబులు మాత్రం, “సార్, ఇప్పుడు నేనెవర్ని కాపలా కాయాలి?” అని అడిగాడు.

పక్కవీధి డాక్టరమ్మ చూసి, పిల్లకేం ఫర్వాలేదనీ, రేపటికల్లా అదే బయటికొస్తుందనీ చెప్పింది. కనుక రికార్డు ధ్వంసం కాలేదు, స్థలం మాత్రం మారింది. స్వీకరించడానికి తగిన అధికారిని, తగిన కవరుతో, రేపు ఉదయం పంపండి. పిల్లకు సీలు వేయడానికి మాత్రం ఎవరినీ పంపకండి. ఎవరొచ్చినా కిందికి దించను.

ఈ తా.క. నేను చెబుతుంటే మా ఆవిడ రాస్తోంది, చేతిరాత తేడా గమనించగలరు. నా రెండు చేతులూ ఖాళీ లేవు.