పిల్లల ఖాతాలో అత్తయ్య

శనివారం, రాత్రి

మా ఆయన, మామయ్య ఇద్దరూ నాతో మాట్లాడటం లేదు. పోనీ.

మా మరిది రమేష్ పాత కంప్యూటర్లో ఇంటి వీడియోలు, సినిమాలు అన్నీ చేర్చి, హాల్లో టీవీకీ అందరి ఫోన్లకీ వచ్చేలా చేశాడు. మగవాళ్లు ముగ్గురికీ విడివిడిగా ఖాతాలు. నాకూ అత్తయ్యకీ మాత్రం ఆరేళ్ల మా పాపతో కలిపి ‘పిల్లలు’ అని ఒకటే ఖాతా. ఆ వీడియోలు సగం నేను తీసినవే!

ఇవాళ అత్తయ్య, మిరప కోతల్లో వాళ్ల చెల్లెలు పాడిన పాట చూద్దామని ఫోన్ తీస్తే, పెద్దల అనుమతి కావాలని వచ్చింది. ఆ చెల్లెలు పోయి ఏడాదైనా కాలేదు. మగవాళ్లు మిర్చి యార్డు నుంచి వచ్చేదాకా అత్తయ్య ఆ ఫోన్ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

రాత్రి భోజనాలయ్యాక రమేష్‌ని అడిగాను.

"పొరపాటున ఏదైనా చెరిపేస్తారని, వదినా. అడిగితే నేను పెట్టనా?" అన్నాడు.

"మేం అడగం," అన్నాను.

వైరు పీకేసి, కంప్యూటర్ తీసుకెళ్లి వంటింట్లో బియ్యం డ్రమ్ము మీద పెట్టాను. మామయ్య చూస్తున్న సినిమా సగంలో ఆగిపోయింది. "ఏంటీ పంతం?" అని మా ఆయన అరిచారు. రేపటికైనా ఆ కోపం తగ్గుతుందో లేదో... తగ్గకపోయినా నేను చేసింది తప్పు కాదు.

చివరికి రమేషే వంటింట్లో అత్తయ్య దగ్గరికి వచ్చాడు.

"సరేనమ్మా, నీకూ ఖాతా పెడతా. ‘అమ్మ’ అని రాయనా?"

అత్తయ్య తలెత్తి చూసింది.

"నా పేరు సీతామహాలక్ష్మి. మొత్తం రాయరా."