రెండు సీట్ల కారూ, తూము కింద మడీ

ఇందుకూరుపేట మండలంలో సేద్యం చేసుకుని బతికే ఓజిలి రంగనాయకులు అనే నేను, వయసు డెబ్భై ఆరు, మతి చలించకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఒళ్లంతా అసహ్యంతో ఉడికిపోతూ రాయించిన వీలునామా. నా స్వార్జితం నా తదనంతరం కింది విధంగా చెందవలెను. నా చెల్లెలి కొడుకు విజయభాస్కర్ దీన్ని అమలు జరపవలెను.

1. నా మోటారు సైకిలు మనవడు పెంచలకృష్ణకు. వాడికది నామోషీ అని తెలుసు. ఎవరైనా మొదటి కారంటే ఇంటిల్లిపాదీ ఎక్కేది చూస్తారు. వీడు నన్ను మద్రాసు దాకా లాక్కుపోయి, ముగ్గురు వాడుకుని వదిలించుకున్న ఎర్ర స్పోర్ట్స్ కారు ఏరుకున్నాడు. రెండే సీట్లు. లోపల ఎవడిదో చెమట కంపు, దాని మీద సెంటు కంపు. కూర్చుంటే నేల మీద చతికిలబడ్డట్టుంది. దిగలేక చేతుల మీద పాకితే అమ్మేవాడు "పాత్తు తాతా" అని, జాగ్రత్త తాతా అని అరవంలో చెప్పి నవ్వాడు. ఛీ! కింద తుప్పు చూడరా అని మొత్తుకున్నాను. వాడు సైలెన్సర్ చప్పుడుకే మురిసిపోయాడు.

2. నా గొడుగు పక్కింటి మాలకొండయ్యకు. ఎట్లాగూ వానాకాలమంతా అతని దగ్గరే ఉంటుంది.

3. ఆ కారు బాకీకి నా ఆస్తి బాధ్యత లేదు. తాత పోతే తూము కింద మడి అమ్మి కడతానని చెప్పి అప్పు తెచ్చుకున్నాడట. నేను బతికుండగానే! కారు ఇంటికొచ్చిన రోజు వాడి తల్లి, నా కోడలు రేవతి, హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. "నన్నొక రౌండు తిప్పరా అబ్బయా" అని ఆశగా అడిగింది. "సీటు లేదుమా, ఫ్రెండొస్తుండాడు" అని వాడు మైపాడుకు పోయాడు. ఫొటోల కోసం బీచి ఇసుకలోకి తోలితే కారు దిగబడిపోయి, ట్రాక్టరు మాట్లాడుకుని పోయి లాగించింది మళ్లీ ఆ తల్లే.

4. తూము కింద మడి రేవతికి. నా కొడుకు పోయినప్పటి నుంచి దానికి నీళ్లు కట్టిందీ, తూకం కాడ దళారీలతో పోట్లాడిందీ ఆమే. అయితే కొడుకు కంట తడి పెడితే కరిగిపోయే మనిషి. అందుకని, జీవితాంతం అనుభవించవలెను, అమ్మే హక్కు లేదు అని రాయించాను.

విజయభాస్కర్ ఇంతవరకు చదివి వినిపిస్తుంటే రేవతి బురద కాళ్లతో వాకిట్లో నిలబడి వింది. "నాదని రాసి అమ్మొద్దంటే అది నాదెట్టా అవద్ది మామా? నన్ను కావిలి పెట్టినట్టుండాది" అంది. కోపంగా కూడా అనలేదు. మనవడి మీద రోతతో ఆమెను కట్టేస్తున్నానని అప్పుడు తెలిసింది.

5. కాబట్టి పై షరతు కొట్టివేయడమైనది. ఆ మడి దాన విక్రయాది సర్వహక్కులతో రేవతికే. ఆ దరిద్రపు కారు కోసమే అమ్మినా ఎవరూ అడ్డు చెప్పరాదు. నాకు మనసొప్పడం లేదు. అయినా రాయించాను.

తేదీ: 14 ఆగస్టు 2025
చేవ్రాలు: ఓజిలి రంగనాయకులు
సాక్షులు: కృపాదానం, పోలేరయ్య