కరుణ సంస్కృతం తీసుకుంది

భిలాయి, సెక్టర్ 6,
మార్చి నెల.

నన్ను చంకనేసుకుని పెంచిన మా అప్పకి,

నీ చెల్లెలు మార్త ప్రభువు పేరిట వందనాలు చెప్పుకుని రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నూనె రాసుకుంటున్నావా, లేక సీసాని అలమరలో పెట్టి చూసుకుని సంతోషిస్తున్నావా? బావకి చెప్పు, మాది ఇప్పుడు మధ్యప్రదేశ్ కాదు, ఛత్తీస్‌గఢ్. కొత్త రాష్ట్రం వచ్చి ఇన్నాళ్ళయినా కవరు మీద పాత పేరే రాస్తున్నారు. పోస్టుమాన్ మంచివాడు కనక తెచ్చి ఇస్తున్నాడు.

ఎండలు అప్పుడే మొదలయ్యాయి. కూలర్‌కి కొత్త గడ్డి పెట్టించాలి. మీ మరిదికి ఈ వారం పొద్దుటి షిఫ్టు, తెల్లారకముందే సైకిలెక్కి స్టీలు ప్లాంటుకి వెళ్ళిపోతున్నారు. నువ్వు పంపిన ఎండు మెత్తళ్ళు వంకాయలో వేసి వండాను. ఆ వాసనకి పై క్వార్టర్లో ఉండే బెంగాలీ ఆవిడ గిన్నె పట్టుకుని దిగి వచ్చింది. ఆ పూట కడుపునిండా తిన్నాను. మేం బాగానే ఉన్నాం, నువ్వు బెంగ పెట్టుకోకు.

బాగానే ఉన్నాం అని రెండుసార్లు రాసిందేమిటని నువ్వు ఎలాగూ పట్టేస్తావు. అందుకే దాచకుండా చెప్పేస్తున్నాను. బడిలో నా తెలుగు క్లాసు పోయింది.

ఎలా పోయిందో విను. మా బడిలో పిల్లలకి మూడో భాష ఉంటుంది కదా, మనవాళ్ళ పిల్లలంతా ఇన్నేళ్ళూ తెలుగే తీసుకుంటూ వచ్చారు. ఈసారి మా పెద్ద మేడమ్ నన్ను పిలిచి, సంస్కృతం కావాలని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు, రెండిటికీ గదులు లేవు, ఏం చేద్దామంది. నాకు రోషం వచ్చింది. పిల్లలనే అడగండి మేడమ్, తల్లిదండ్రుల ముందే అడగండి, మా పాఠాలు వాళ్ళకెలా ఉన్నాయో వాళ్ళే చెప్తారు అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తెలుసా? నేను పాఠం చదువుతుంటే క్లాసంతా గప్‌చుప్‌గా ఉంటుంది. అది చూసుకునే నా ధీమా.

శనివారం నాడు అందరినీ కూర్చోబెట్టాం. ముందు రూఆబాంధా సెక్టర్ నుంచి వచ్చే రవి లేచాడు. ఎప్పుడూ నోరిప్పని పిల్లాడు. "మేడమ్, పద్యం రెండు లైన్లే ఉంటాది, మీనింగు పేజీ ఉంటాది. అంత మీనింగు ఉంటే ఆ మీనింగే రాసీవొచ్చు గదా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత సెక్టర్ 2 పిల్ల సునీత లేచింది. "పాఠంలో రాజు అంతా దానం చేసీసినాడు. ఇంట్లో ఆయన బీబీ-బచ్చేలు ఏటి తిన్నారో రాయనేదు. నాను కొశ్చన్ ఆన్సర్లలో ఎతికినాను, అక్కడా నేదు" అంది. ఇంకొకడు పాఠాల్లో అందరూ మంచోళ్ళేనని, ఒక్కడూ అబద్ధమాడడని, అలాంటివాళ్ళని తాను ఇంతవరకూ చూడలేదని చెప్పాడు. ఒక తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నాకు లోలోపల గర్వంగానే ఉంది అప్పా. ఇష్టం లేనిదాని గురించి పిల్లలు ఇంత ఆలోచిస్తారా అనుకున్నాను.

అప్పుడు మన కరుణ లేచింది. ఏడో క్లాసు నడుస్తోంది దానికి. నా కూతురు కదా, నా మాట నిలబెడుతుందని వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

"నాకు మమ్మీ చదివితే ఇష్టమే. మమ్మీ చదువుతున్నప్పుడు నాను పుస్తకం చూడను, మమ్మీ మొకం చూస్తాను. అందరూ అదే చూస్తారు. ఒక్కదాన్నే కూకుని చదివితే కుచ్ నహీఁ హోతా, ఏటీ అనిపించదు" అంది.

ఎందుకలా అని పెద్ద మేడమ్ అడిగింది.

"అవి మమ్మీ ఊరి పాఠాలు మేడమ్. పాఠంలో అందరూ ఎక్కడికో వొచ్చీసి, ఊరెల్లిపోతామని ఏడుస్తారు. నానెక్కడికెల్లాలి? నా ఊరు ఇదే. ఒక్క పాఠంలో అయినా ప్లాంటు ఉందా? నాను సంస్కృతం తీసుకుంటాను."

నేను ఊరుకోవాల్సింది. ఉండబట్టలేక అందరి ముందూ అడిగేశాను, సంస్కృతంలో ప్లాంటుందేమే అని. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

కరుణ నాకేసే చూసి చెప్పింది. "నేదు. అది ఎవల ఊరిదీ కాదు. అది చదివితే ఎవలూ ఏడవరు. నువ్వు తెలుగు చదివితే ఏడుస్తావు మమ్మీ. రోజూ ఏడుస్తావు."

అప్పా, నేను ఏడుస్తానని నాకే తెలీదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాననే అనుకున్నాను. వెనక బెంచీల పిల్లల వైపు చూస్తే వాళ్ళంతా తలలు దించేసుకున్నారు. వాళ్ళందరికీ తెలుసన్నమాట. క్లాసు గప్‌చుప్‌గా ఉండేది పాఠం బాగుండి కాదు, నామీద జాలితో. నా గుండె పగిలిపోయింది. ఇంతకన్నా వేరే మాట నాకు దొరకడం లేదు.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు సంస్కృతమే అన్నారు. తెలుగు అన్నవాళ్ళు ఒక గదికి సరిపోరు. పెద్ద మేడమ్ నా చెయ్యి పట్టుకుని, వచ్చే ఏడు రెండో క్లాసు పిల్లలకి లెక్కలు చెప్పమంది. ఉద్యోగం ఉంది, దానికి బెంగలేదు. నువ్వు మా బడి పిల్లల కోసమని కొనిపెట్టిన కథల పుస్తకాలు మాత్రం ఇంక పంపకు. మన చర్చిలో సండే స్కూల్ పిల్లలకి ఇచ్చెయ్యి.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఇల్లు చేరేదాకా దానికన్నా నాలుగడుగులు ముందే నడిచాను. మీ మరిది డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటుంటే అంతా చెప్పాను. ఆయన కంచంలోంచి తలెత్తకుండా "ఎవల్తోనో సెప్పుకోనేదు గదా, నీ మొకం మీదే సెప్పింది. అది నీ పిల్లే" అన్నారు. మీకేం తెలుసని ఆయన మీద ఎగిరాను. ఎగరడానికి ఇంట్లో ఇంకెవరున్నారు?

సాయంత్రం ముగ్గురం ప్రార్థనకి కూర్చున్నాం. మా ఇంట్లో రోజుకొకరం చేస్తాం, ఆ రోజు కరుణ వంతు. మాటలు వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల తెలుగులోనే చేసేది. నేను నేర్పిన మాటలే, నేను పలికినట్టే. ఆ రోజు కళ్ళు మూసుకుని హిందీలో మొదలుపెట్టింది. అంత చక్కగా, తడుముకోకుండా, తనంతట తను మాటలు కూర్చుకుంటూ అది దేవుడితో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ప్రభూ, మా మమ్మీని నొప్పించాను, నన్ను క్షమించు అంది. మా మమ్మీకి ఈ ఊరు నచ్చేలా చెయ్యి అంది. ఇన్నేళ్ళయినా మమ్మీ ఇంకా ఇక్కడికి రాలేదు, తనని తీసుకురా అంది.

ఆమెన్ అని మీ మరిదే అన్నారు.

మర్నాడు పొద్దున్న జడ వేస్తుంటే "కోపం పోయిందా" అని అడిగింది. పోయిందన్నాను. పోయింది కూడా. మిగిలింది కోపం కాదు అప్పా.

బావకి నా వందనాలు చెప్పు. చర్చిలో పెద్దలందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు. పిల్లలకి నా ముద్దులు. మీ అందరి దీవెనలూ మా మీద ఉండాలి. నీకు ఒక్క పని అప్పగిస్తున్నాను, కాదనకు. కరుణ కోసం రోజూ ప్రార్థన చెయ్యి. దాని పేరు పెట్టి, పైకి, తెలుగులో చెయ్యి. నేను చేద్దామంటే ఏడుపొస్తోంది. అది కళ్ళు తెరిచి నా మొహమే చూస్తోంది.

నీ చెల్లెలు,
మార్త