ఆరువందల ఇరవై నాలుగు మంది గిర్ని

సెంటినరీ కాలనీ,
ఫిబ్రవరి 3, 2025.

చిన్న వ్యాపారాల సాయం ఆఫీసు పెద్దలకు పిండి గిర్ని ఆగయ్య దండం పెట్టి రాయునది.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తెచ్చి నాలుగు రోజులైంది. దాని మీద మా ఇంటిది సారవ్వ వడియాలు కూడా ఆరబెట్టింది. కానీ మల్లక్క మొహం చూస్తూ ఊరుకోలేకపోయాను.

గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్‌గా ముప్పై నాలుగేళ్ళు చేశాను. నాకు పని నేర్పిన గట్టయ్యకు ఒక చెవి వినపడదు, కానీ పైకప్పు చిటుక్కుమంటే అందరికంటే ముందు ఆయనే పరుగెత్తేవాడు. సరే, ఆయన సంగతి మీకెందుకు. ఇప్పుడు నేనూ సారవ్వా గిర్ని నడుపుతున్నాం. కారం పట్టే మిషన్ కూడా పెడితే ఇంకొకరికి కొలువు ఇవ్వగలం. అలా కొలువులిచ్చేవాళ్ళకు సర్కారు సాయం ఉందని విని, ఆ కొలువు మా వాడ మల్లక్కకేనని మాటిచ్చేశాను. ఆమె నా మాట నమ్మి బడిలో ఊడ్చే పని మానేసింది. రోజూ పొద్దున్నే వచ్చి గిర్ని అరుగు మీద కూర్చుంటోంది. మిర్చి దిగేలోపు మిషన్ ఇప్పించగలరు. ఫారం నింపి జతపరిచాను.

ఇట్లు,
ఆగయ్య, రిటైర్డు టింబర్‌మన్.

తా.క.: పోస్టులో ఆలస్యమవుతుందని దీన్ని మల్లక్క చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఎలాగూ ఖాళీగానే ఉంది.

ఫిబ్రవరి 14.

ఆగయ్య గారికి నమస్కారం.

మీ దరఖాస్తు అందింది. ‘ప్రస్తుతం పనిచేస్తున్నవారు’ అన్న గడిలో 624 అని రాశారు. అంతమంది ఉన్నది చిన్న వ్యాపారం కాదు కనుక మీ ఫైలును పెద్ద పరిశ్రమల విభాగానికి పంపాం. మీ కార్మికులకు క్యాంటీన్, పసిపిల్లల గది, సేఫ్టీ అధికారి ఉన్నదీ లేనిదీ తెలపగలరు.

భవదీయురాలు,
గ్లోరియా, సహాయ అధికారి.

తా.క.: 624 మంది ఒక గిర్నిలో ఎక్కడ నిలబడతారో తెలుసుకోవాలని మా ఆఫీసులో అందరికీ కుతూహలంగా ఉంది.

ఫిబ్రవరి 17.

గ్లోరియా మేడం గారికి ఆగయ్య దండాలు.

క్యాంటీన్ ఉంది. సారవ్వ రెండు పూటలా చాయ పెడుతుంది. పసిపిల్లల గది అంటే, మనవరాలికి జల్లెడ పక్కన ఊయల కట్టాం. సేఫ్టీ అధికారిని నేనే. బెల్టు దగ్గరికి ఎవరొచ్చినా అరుస్తాను.

ఇక నిలబడేది ఇద్దరమే మేడం. డ్యూటీకి వచ్చిన రోజుకు ఒక మస్టరు. గనిలో ఏడాది చివర ఎవరినైనా అడిగేది ‘ఎన్ని మస్టర్లు?’ అనే కదా. ఆదివారాలు, పండుగలు పోను నావి 312, సారవ్వవి 312. మీ గడిలో అదే రాశాను. జ్వరమొచ్చినా నాగా పెట్టలేదని మీకు తెలియాలి.

ఇట్లు,
ఆగయ్య.

తా.క.: ఇది చదివి వినిపిస్తే సారవ్వ లేచింది. “నీకూ నాకూ ఒక్కతీరెట్లయితయి? ఆదివారం గిర్నిల పిండి దులిపిందెవలు, మీ తాతనా?” అంది. కనుక ఆమెవి ఇంకో 52 కలుపుకోగలరు.

మార్చి 6.

ఆగయ్య గారికి,

మీ తా.క. ప్రకారం పెద్ద పరిశ్రమల విభాగం వారు మీ కార్మికుల సంఖ్యను 676గా నమోదు చేశారు. మీ ఉత్తరంలోని మిగతా భాగం ఆ తర్వాత చదివారు. ఇప్పుడు దాన్ని 2కు దించితే, మీరు 674 మందిని పనిలోంచి తీసేసినట్టు కంప్యూటరు చూపిస్తోంది. ఇది కొలువులిచ్చేవారికి పెట్టిన పథకం. వారం లోగా సంజాయిషీ ఇవ్వగలరు.

భవదీయురాలు,
గ్లోరియా.

తా.క.: మా నాన్న మార్కు గారు కూడా గనిలోనే చేశారు. మస్టరంటే నాకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. మీ ఫైలు ఇప్పటికి మూడు బీరువాలు మారింది. అది ఎక్కడుందో, మీ ఉత్తరాలు తెస్తూ దాని వెంటే తిరుగుతున్న మల్లక్కకు తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు.

మార్చి 10.

మేడం గారికి,

సంజాయిషీ. ఆ 674 మందిని నేను తీసేయలేదు. వాళ్ళసలు పుట్టనే లేదు. అయినా ఆ మాట ఎలా పాకిందో, యూనియన్ రాయమల్లు గిర్ని ముందుకొచ్చి నిలబడ్డాడు.

“గంతమందిని ఎట్ల తీసేస్తవు కాకా? ధర్నా పెడ్తం.”

“ఎవలను తీసేసిన్రా? ఒక్కని పేరు చెప్పు.”

“పేర్లు నీ దగ్గరుంటయి గాని నాకేమెరుక?” అని చాయ తాగి, పేర్లు దొరకగానే కబురు పెట్టమని వెళ్ళాడు.

నవ్వులాటకు చెప్పడం లేదు మేడం. మిర్చి దిగింది. జనం సంచులు పట్టుకుని పక్క కాలనీకి పోతున్నారు. మల్లక్క ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోందట. నా మాట మీదే ఆమె ఉన్న పని వదులుకుంది. ఆమె కొలువు నిలబడుతుందంటే సారవ్వను కూడా తీసేసినట్టే రాసుకోండి.

ఇట్లు,
ఆగయ్య.

తా.క.: సారవ్వకు తెలిసిపోయింది. చివరి వాక్యం కొట్టివేయగలరు.

ఏప్రిల్ 15.

గ్లోరియా మేడం గారికి ఆగయ్య దండాలు.

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. తెచ్చింది మల్లక్కే. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. మెడలో ఆఫీసు కార్డు వేసుకుని నిలబడింది.

“సంతకం పెట్టు కాకా, జల్ది. ఇంకా రెండిండ్లు తిరగాలె.”

విప్పి చదివాను. మార్చితో గడువు అయిపోయింది, వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమని ఉంది. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

“మిషన్ రాలేదు బిడ్డా. మరి నీ కొలువు?”

“ఐంది గద కాకా. బీరువాలల్ల నీ ఫైలు దేవులాడుడు నాకే వస్తదని మేడం నన్నే అటెండరుగ పెట్టుకున్నది. కాంట్రాక్టే అనుకో. ఇయ్యాల తొమ్మిదో మస్టరు.”

మీ ఉత్తరం రెండో పేజీ అప్పుడు చూశాను. ఆగయ్య గిర్ని విస్తరణ వల్ల వచ్చిన కొలువులు: ఒకటి.

సంతకం పెట్టాను. ఆమె చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, రెండు గంటల బస్సుకు వెళ్ళిపోయింది.

ఇట్లు,
ఆగయ్య.

తా.క.: అరుగు మీద ఆమె కూర్చునే చోట సారవ్వ మిరపకాయలు ఆరబోసింది.