షేవింగ్ డబ్బాలో జింకు మాత్రలు

ఏమండీ, షేవింగ్ డబ్బాలో మీరు దాచుకున్న జింకు మాత్రలు పారేశాను, వెతక్కండి. రిపోర్టు వచ్చింది. మనం భయపడ్డ మతిమరుపు జబ్బు కాదట. జింకు ఎక్కువై ఒంట్లో రాగి పడిపోయిందట, ఆ రవ్వంత రాగి లేకే మెదడులో కణాలు డీలా పడ్డాయట. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, జ్ఞాపకశక్తి కోసమని రోజుకు ఆరేసి మింగారు. చాలావరకు సర్దుకుంటుందని డాక్టరమ్మ అంటుంటే పకపకా నవ్వేశాను. ఆవిడ నాకూ ఏదో తగ్గిందేమో అన్నట్టు చూసింది. కొత్త మాత్ర భోజనం తర్వాత ఒక్కటే. డ్యూటీకి పరిగెడుతున్నా, కాళ్లు నేల మీద ఆనడం లేదు.

అన్నట్టు, మొన్న నన్ను మా చెల్లెలి పేరుతో పిలిచారు. కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అది రాగి తప్పని వదిలేస్తున్నా. కోలుకున్నాక కూడా అలా పిలిస్తే మాత్రం తప్పు మీదే.