పీత డెక్క చెయ్యి

ఆదివారం, రాత్రి

పాత బొమ్మల ముక్కలు కలిపి, బల్లమీద బొమ్మలతో ఆడే మా గ్రహాంతర యుద్ధం ఆట కోసం చేసిన రోబోకి నిన్న కుడిచేతిగా పీత డెక్క అతికించాను. కడిగితే చాలనుకున్నాను, ఉడకబెట్టలేదు. పొద్దున్నే పిల్లి ఆ చెయ్యి పీక్కుపోయింది.

ఆటకి వచ్చిన మా అక్క మొగుడు రమణ బావ పడీపడీ నవ్వాడు. "ఏట్రా, లోపల కండ ఉంచీసి అతికించీసినావా? పిల్లికి బోజనం ఎట్టినావన్నమాట!"

నేనూ నవ్వాను గానీ మనసు ఆటలో లేదు. వచ్చే వారం బావ బదిలీ మీద చెన్నై వెళ్లిపోతున్నాడు. ఇక నాతో ఈ బొమ్మలాట ఎవరాడతారు?

వెళ్తూ వెళ్తూ ఒంటిచేతి రోబోని జేబులో వేసుకున్నాడు. "ఇది నాతో ఒస్తాది. సెయ్యి సేసి నువ్వే అట్టుకొచ్చి అతికించాల. పార్సిల్ పంపినావో, ఊరుకోను."

ఫ్రిజ్‌లో మిగిలిన రెండో డెక్క ఇప్పుడు పొయ్యి మీద ఉడుకుతోంది. పిల్లి గుమ్మంలోనే కూర్చుంది.