పైన బరువులు, కింద పొర

పై అంతస్తు వ్యాయామశాల మాస్టారు గారికి,

నమస్కారాలు. మీ తలుపు చాలాసార్లు తట్టాను. లోపలి చప్పుడులో నా తట్టుడు మీదాకా రాలేదు. అందుకే ఈ ఉత్తరం తలుపు కింద నుంచి తోస్తున్నాను.

మీ కింది గదిలో నేను పిహెచ్‌డి చేస్తున్నాను. గాజుముక్కను ఒక ద్రావణంలో ముంచి, నత్తకన్నా నెమ్మదిగా పైకి తీస్తాను. దాని మీద సన్నటి పొర నిలుస్తుంది. ఎంత సన్నమంటే, తలవెంట్రుకను నిలువునా వెయ్యి పేలికలు చేస్తే అందులో ఒకటి. ఆ పొరలోంచి కరెంటు కారిపోకుండా చూడటమే నా పరిశోధన. సరిగ్గా గాజు పైకి వస్తుండగా మీ శిష్యుల్లో ఎవరో బరువు ధబీమని పడేస్తారు. పొర నిండా అడ్డగీతలు. నెలాఖరుకు కమిటీ కూర్చుంటుంది. ఒక్క మంచి పొరైనా చూపించకపోతే నా సీటు రద్దు. దయచేసి బరువులు పడేయకుండా దించమనండి.

ఇట్లు,
మీ కాళ్ళ కింద చదువుకుంటున్న విద్యార్థిని

తా.క. నిన్న మీరెవరినో "ఇంకొక్కటి, ఇంకొక్కటే" అంటూ ప్రాణం తీస్తుంటే విన్నాను. మా గైడు గారూ అదే అంటారు, కాకపోతే నవ్వుతూ.

*

కింది అంతస్తు శాస్త్రవేత్త గారికి,

దండాలు. తమరి ఉత్తరం మీద ఒకాయన కాలేసి జారి పడ్డాక నాకు అందింది. అందరికీ చదివి వినిపించాను. కంటికి కనపడనిదాన్ని చేసి, అది చెడిపోయిందని ఏడవడం కూడా ఉద్యోగమేనా అని ఒకడడిగాడు. ఉద్యోగం కాదురా, చదువు అన్నాను. వాడింకా నవ్వాడు.

అయినా సీటు పోతుందన్నారు కనక నేలంతా రబ్బరు పట్టాలు పరిపించాను. ఇక హాయిగా ముంచుకోండి.

ఇట్లు,
తమరి నెత్తిమీదున్న మాస్టారు

తా.క. అంత బక్కగా ఉన్నదాన్ని ఓసారి పైకి పంపండి. కండ పట్టించి పంపుతాను.

*

మాస్టారు గారికి,

రబ్బరు పట్టాలకు కృతజ్ఞతలు. చప్పుడు తగ్గింది, అదురు తగ్గలేదు. ఇదివరకు చెప్పి పడేసేవారు, ఇప్పుడు చెప్పకుండా పడేస్తున్నారు. అంతే తేడా.

అసలు పడేయడమే మాన్పించండి. వస్తువును ఎత్తిన మనిషికి దాన్ని దించడం కూడా వచ్చి ఉండాలి కదా? లేక దానికి వేరే ఫీజా?

ఇట్లు,
గీతలు లెక్కపెట్టుకుంటున్న విద్యార్థిని

తా.క. పొరకు కండ పడితే దాన్ని సున్నం అంటారు. అది మేస్త్రీ వేస్తాడు. పిహెచ్‌డి అక్కర్లేదు.

*

శాస్త్రవేత్త గారికి,

తమరి ఆజ్ఞ ప్రకారం గోడకు బోర్డు పెట్టాను: "బరువులను నిద్రపోయే పసిబిడ్డను దించినట్టు దించవలెను." దాంతో సగంమంది మానేశారు. ధబీమనకపోతే ఎత్తినట్టే ఉండదట. మిగిలినవాళ్ళు మునివేళ్ళ మీద నడుస్తున్నారు. నా హాలు ఆసుపత్రిలా ఉంది.

ఇట్లు,
గొంతు తగ్గించుకున్న మాస్టారు

తా.క. "ఇంకొక్కటి" కూడా ఇప్పుడు చెవిలోనే చెబుతున్నాను. ఒకాయన భార్య అపార్థం చేసుకుంది.

*

మాస్టారు గారికి,

మీ బోర్డు బాగుంది. పనితీరే బాగాలేదు. గీతలు పోయాయి, వాటి బదులు చిల్లులు వచ్చాయి. కరెంటంతా వాటిలోంచి కారిపోతోంది. పొరను చూసి గైడు గారు "జల్లెడ మీద పరిశోధన ఎప్పుడు మొదలుపెట్టావు?" అన్నారు. పైన మీరు దొంగచాటుగా ఇంకేదో చేస్తున్నారు. నిజం చెప్పండి.

ఇట్లు,
సీటు అంచున కూర్చున్న విద్యార్థిని

తా.క. నీళ్ళు గుటకలు వేయకుండా తాగమనండి.

*

అమ్మా,

నిజమే చెబుతున్నాను. చివరి శిష్యుడూ నిన్న మానేశాడు. ఇప్పుడు పైన ఉన్నది నేనూ, ఒక ఫ్యానూ. ఫ్యాను కూడా ఆపేశాను. ఇంకా చిల్లులు పడుతున్నాయంటే నేను ఊపిరి పీల్చుకోవడం వల్ల అయ్యుండాలి. అది మాత్రం మానలేను.

నా చేతులతో నిలబెట్టిన హాలమ్మా ఇది. రేపు లారీ వస్తుంది. ఖాళీ చేస్తున్నాను.

ఇట్లు,
మాజీ మాస్టారు

తా.క. నీ కమిటీకి నా శుభాకాంక్షలు. మెల్లగానే చెబుతున్నాను.

*

మాస్టారు గారూ,

కాళ్ళు పట్టుకుంటాను, సామాను సర్దకండి!

చిల్లులకు కారణం దొరికింది. ద్రావణంలో కంటికి ఆనని బుడగలుంటాయి. మీ బరువు పడ్డప్పుడల్లా నేల అదిరి అవి పైకి తేలి పోయేవి. అందుకే అప్పటి పొరలకు గీతలున్నా చిల్లుల్లేవు. నేను గిన్నెను తట్టాను, బల్లను సుత్తితో కొట్టాను, లాభం లేదు. గది మొత్తం అదరాలి. అంటే నేను ముంచే ముందు ఒక్కసారి ధబీమనాలి, ముంచాక నిశ్శబ్దంగా ఉండాలి. అది అయిన కాసేపట్లోనే ముంచాలి, లేకపోతే బుడగలు మళ్ళీ పుడతాయి.

గైడు గారికి చెబితే "బరువులెత్తడం కూడా ఫిజిక్సేనా?" అని ఎగతాళి చేసి వెళ్ళిపోయారు. కమిటీ ఎల్లుండే. మీ హాలు నేనే ఖాళీ చేయించాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఒక్కసారి పడేయండి.

ఇట్లు,
మీ పాదాల కింద, ఈసారి నిజంగానే

తా.క. పట్టాలు తీసేసి పడేయండి.

*

అమ్మాయ్,

ఇప్పుడే నువ్వు విన్న చప్పుడు నాది కాదు, మీ గైడుది.

నీ ఉత్తరం చదువుతుండగానే ఆయన పిల్లిలా మెట్లెక్కి వచ్చాడు. ఈ ఆలోచన తనదేనట, నీకు చెప్పొద్దట, తానే పరీక్షిస్తాడట. చిన్న బరువు చూపించాను. ఆ పెద్దది కావాలన్నాడు. ఎత్తడమైతే ఎత్తాడు. తర్వాత ఇద్దరూ కిందికి వచ్చారు, ముందు బరువు, వెనకే ఆయన. నడుం పట్టేసింది. పట్టాలు తీసేసిన నేల మీద వెల్లకిలా పడుకుని, ఆలోచన తనదేనని ఇంకా మూలుగుతున్నాడు. నీ ఉత్తరం మీద తేదీ ఉంది, భద్రంగా దాచాను.

ఇన్నేళ్ళలో నా హాల్లో ఇంత గొప్పగా ఎవరూ పడేయలేదు. ఒక్క బుడగ కూడా మిగిలి ఉండదు. ఈ కాగితం పక్కన పెట్టి వెంటనే ముంచు. పైనుంచి ఏ అదురూ రాదు. ఆయన కదల్లేడు, నేను కదలను.

ఇట్లు,
నీ పైనున్న మాస్టారు

తా.క. లారీ వచ్చింది. నువ్వు గాజు పైకి తీసేదాకా ఇంజను ఆపి కూర్చోమన్నాను.